ఉతక్కుండా పంపు

గౌలిపుర,
లాల్ దర్వాజ బోనాలు అయిన మరునాడు

అమలా,

ముందు పార్సిల్ విప్పు, తర్వాత ఉత్తరం చదువు. పైన కోవా ఉంది. కింద సకినాలు, మామిడికాయ తొక్కు సీసా, ఉన్ని సాక్సులు. సీసా మూతకు మైనం పోసి బిగించాను కాబట్టి కారదు. ఒకవేళ కారితే సాక్సులు కూడా నంజుకుని తినండి, నా మీద మాత్రం అరవకండి.

మీ అత్తమ్మ ఏడో తరగతి దాకా చదివింది కనుక పెన్ను పడితే బడి భాష వస్తుంది, నోరు తెరిస్తే గౌలిపుర వస్తుంది. నవ్వకు. ఫోన్ చేద్దామంటే మీ కొండ మీద సిగ్నల్ లేదు, ఇక్కడ నా ఫోన్ కుడితి తొట్టిలో పడి, మన బర్రె కస్తూరి నోట్లోకి వెళ్లి బయటికొచ్చింది. అప్పటి నుంచి మోగడం మానేసింది.

మీ బాపు ఇంకా అలాగే ఉన్నాడు. నువ్వు ఫౌజ్‌లో చేరి రెండేళ్లు దాటినా అడిగినవాళ్లందరికీ "ఢిల్లీల ఆఫీసు కొలువు" అనే చెబుతున్నాడు. నిన్న బోనాల్లో యాకుత్‌పురా టెంట్ హౌస్ సోమశేఖర్ గారు కలిశారు. వాళ్ల అబ్బాయికి నిన్ను అడుగుతున్నారు. పిల్ల కొలువు మానేసి ఇంట్లో ఉండాలట. దీపావళి తర్వాత సదర్ నాడు, పాలవాళ్లమంతా బర్రెలను ముస్తాబు చేసి ఊరేగించుకుని వస్తాం కదా, ఆ రోజు అందరి ముందూ మాట ఖాయం చేసుకుందామన్నారు. మీ బాపు మురిసిపోయాడు. ఇంటికొచ్చి నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అక్కా, ఆమెకు ఉత్తరం రాస్తే ఒక్క ముక్క రాయి. ఇంటికి రమ్మను. గీ డబ్బలు, తొక్కులు పంపుడు బంద్ చెయ్. అన్నీ ఆడికే పోతుంటే ఆమెకు ఇల్లెందుకు యాదికొస్తది?"

"తమ్మీ, కోవా తిప్పే చేతులు నాయి, మోసుకపోయే కాళ్లు నాయి. నీదేం అరుగుతున్నది?" అన్నాను. నన్ను చూసి కాకుండా గోడను చూసి గుర్రుమన్నాడు. అయిదేళ్లకే నువ్వు తల్లి లేనిదానివైనప్పటి నుంచి నిన్ను పెంచిన చేతులివి. ఎవరికి ఏం పంపాలో వీటికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

పోస్టాఫీసులో గుమస్తా అడ్రస్ చూసి, "కొడుకు ఫౌజ్‌ల ఉన్నడా అమ్మా?" అన్నాడు. "కొడుకు కాదు, మేనకోడలు. తుపాకి పట్టుకునేది ఆమెనే" అన్నాను కాస్త గట్టిగానే. వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. చూడనీ.

కస్తూరి బాగుంది. మన గుట్టు కూడా బాగుంది. తల్లి చచ్చిన దూడను సీసాతో పాలు పట్టి పెంచావు, ఇప్పుడది నిన్ను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వదాయె. రోజూ తెల్లవారి నీ పాత నీలం చున్నీ తల మీద కప్పుకుని కూర్చుంటాను. వాసన చూసి నువ్వే అనుకుంటుంది, పాలు చేపుతుంది. మీ బాపు మాత్రం ఇదంతా తన అక్క హస్తవాసి అనుకుంటున్నాడు. అనుకోనీ, నాకూ మర్యాదే.

మీ అత్తమ్మ,
లలితమ్మ

•

కేరాఫ్ 56 ఏపీఓ
(ఊరి పేరు రాయకూడదు)
శ్రావణం

అత్తమ్మా,

తొక్కు కారలేదు. సాక్సులు బతికిపోయాయి.

నీ పార్సిల్ వచ్చే సమయానికి నేను డ్యూటీ దిగుతున్నాను. మా చెక్‌పోస్టు దగ్గర గాలి చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. వేళ్లు మొద్దుబారి మూట విప్పడం చాతకాలేదు. పక్క మంచం జిన్సీ విప్పి కోవా ముక్క నా నోట్లో పెట్టింది. కట్టెల పొయ్యి వాసన, అడుగు కొద్దిగా మాడిన రుచి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. జిన్సీ కేరళ అమ్మాయి, ఏడుస్తున్న మనిషిని ఏమీ అడగదు. తొక్కు సీసా పట్టుకుని పక్కన కూర్చుంది. నేను కళ్లు తుడుచుకునేలోపు పావు సీసా ఖాళీ చేసింది.

ఇక్కడ గదిలో ఎవరికి పార్సిల్ వచ్చినా అందరిదీ. కానీ నీ కోవాకు మాత్రం వరస కడతారు. ఇంకోసారి పంపేటప్పుడు గుర్తుంచుకో.

ఇప్పుడు బాపు సంగతి. నేను ఇంట్లోంచి పారిపోయి రాలేదు. పరీక్ష రాసి, మైదానంలో పరిగెత్తి, నాతో పాటు పరిగెత్తిన వాళ్లలో ముందు నిలబడి వచ్చాను. ఢిల్లీలో ఆఫీసు అని చెప్పుకోవలసినంత తక్కువ పని నేను చేయడం లేదు. కొలువు మానను. సోమశేఖర్ గారికి టెంట్లు వేయడం తెలుసేమో గానీ, గాలివానకు లేచిపోకుండా టెంటుకు మేకులు కొట్టడం ఆయన కంటే నాకే బాగా వచ్చు. కావాలంటే వాళ్లబ్బాయిని ఇక్కడికి పంపమను, నేర్పుతాను.

నీ చున్నీ ముసుగు గురించి జిన్సీకి చెబితే మంచం మీద పడి నవ్వింది. కస్తూరిని నా తరఫున మెడ కింద గోకు. అక్కడ గోకితే కళ్లు మూసుకుంటుంది.

నీ
అమల

•

గౌలిపుర,
వినాయక చవితి

అమలా,

ఇక్కడ అందరం క్షేమం. కస్తూరి క్షేమం, దాని దూడ క్షేమం. పార్సిల్ పంపుతున్నాను. కోవా ఉంది, పల్లీ పట్టీలు ఉన్నాయి. మీ జిన్సీకి వేరే సీసా తొక్కు పెట్టాను, నీ సీసా జోలికి రావద్దని చెప్పు.

పండుగ పనుల్లో ఉన్నాను, ఎక్కువ రాయడానికి తీరిక లేదు. చలికి చెవులు కప్పుకో.

మీ అత్తమ్మ

•

కేరాఫ్ 56 ఏపీఓ
భాద్రపదం చివర

అత్తమ్మా,

నువ్వు రాసిన ఉత్తరాల్లో ఇంత పొట్టిది ఇదే మొదటిది. నువ్వు ఎంత తక్కువ మాట్లాడితే సంగతి అంత పెద్దదని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

ఈ కోవా మనింటిది కాదు. చక్కెర ఎక్కువైంది, పొగ వాసన లేదు, అడుగు మాడలేదు. మిఠాయి దుకాణంలో కొన్నావు. మిగతావాళ్లంతా ఎగబడి తిన్నారు, నాకు ముద్ద దిగలేదు. పాలవాళ్ల ఇంట్లో కోవా కొనుక్కునే రోజు వచ్చిందంటే పాలు లేవన్నమాట.

ఇంకొకటి. పార్సిల్ గుడ్డ కుట్టింది నువ్వు కాదు. నీ కుట్టు చీమల బారులా సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇది ఇద్దరు మనుషులు ఒకరు గుడ్డ పట్టుకుని ఒకరు పొడిచినట్టు ఉంది. నీ చేతికి ఏమైంది?

ఇక్కడ నేను రోజూ వచ్చే పోయే బండ్లలో దాచిపెట్టినవి వెతుకుతుంటాను. అదే నా ఉద్యోగం. నా దగ్గర దాచాలని చూడకు. ఉన్నది ఉన్నట్టు రాయి.

అమల

•

గౌలిపుర,
దసరాకు ముందు

అమలా,

ఇంట్లో పోలీసును పెంచుకున్నానని తెలియలేదు. సరే, విను.

శ్రావణంలో నువ్వు రాసిన ఉత్తరం పోస్టుమ్యాన్ నేరుగా మీ బాపు చేతికిచ్చాడు. ఇన్నాళ్లు నీ ఉత్తరాలు ముట్టనివాడు ఆ రోజు ఎందుకో విప్పాడు. ఆ టెంట్ మేకుల ముక్క దాకా చదివి అక్కడే విసిరికొట్టాడు. నేను పింఛను పని మీద నయాపూల్ దాకా పోయాను, ఇంట్లో లేను. అదే సమయానికి స్టీలు సామాన్ల రుక్మాబాయి గల్లీలోకి వచ్చింది, పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమె. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నీ మీద కోపం నీ పెట్టె మీద చూపాడు. నీ బట్టలన్నీ మూటగట్టి రుక్మాబాయికి వేశాడు. కొట్టంలో మేకుకు వేలాడుతున్న నీలం చున్నీ కూడా అందులోనే పడేశాడు. బదులుగా పెద్ద స్టీలు బకెట్ తీసుకున్నాడు. పాలు పిండుకోవడానికట!

నేను వచ్చేసరికి తళతళలాడే బకెట్ ఉంది, చున్నీ లేదు. రుక్మాబాయిని పట్టుకుని అడిగితే మూట ఎప్పుడో అమ్మేశానంది.

మరునాడు తెల్లవారి చున్నీ లేకుండా కూర్చున్నాను. ఏమో, ఇన్నాళ్లకు నాకు అలవాటుపడి ఉంటుందనుకున్నాను. కస్తూరి ఒకసారి వాసన చూసింది, తన్నింది. బండ మీద పడ్డాను, ఎడమ మణికట్టు విరిగింది. పాలిచ్చే బర్రె తన్నినా పడాలంటారు. పడ్డాను. పాలు మాత్రం రాలేదు. అందుకే కోవా కొన్నాను, అందుకే పాలు ఇళ్లకు మోసే అంజన్న గుడ్డ పట్టుకుంటే ఒంటి చేత్తో కుట్టాను. నీకు రాయలేదెందుకంటే, అంత దూరాన ఉన్న పిల్లకు విరిగిన చెయ్యి పార్సిల్ చేయడం ఎందుకని.

ఇప్పుడు కస్తూరి దూడకు ఇస్తుంది, మనిషికి ఇవ్వదు. దూడ పహిల్వాన్ అయింది. కొత్త బకెట్ ఖాళీగా మెరుస్తూ కూర్చుంది. అంజన్న ఊరుకోలేక, "సూది ఏస్తె చేపుతది గద పటేలా" అన్నాడు. మీ బాపు వాడి మీదికి లేచాడు. "నా కొట్టంల సూది మాటెత్తినవంటే కాళ్లిరగ్గొడ్త" అన్నాడు. మందు సూదితో పాలు లాగితే బర్రె గుల్లవుతుంది, ఆ ఒక్క విషయంలో నా తమ్ముడు బంగారం.

అప్పుడు చున్నీ గుట్టు చెప్పేశాను. దానికి మీ బాపు అన్నది ఇది:

"అయితే ఆమెనే రమ్మని రాయి. ఆమె వస్తే కస్తూరి ఉంటది. దీపావళి దాక సూస్త. రాకుంటే సంతకు తోల్త."

అమలా, నువ్వు ఆ దూడను ఒళ్లో పెట్టుకుని సీసా పట్టిన సంగతి నాకు తెలుసు, మీ బాపుకూ తెలుసు. తెలిసే ఆ మాటన్నాడు. నాకు మండింది. "నేను రాయ. ఏం చేస్తవో చేస్కో" అన్నాను.

నేను రమ్మని రాయడం లేదు, చూడు. ఇంకోటి అడుగుతున్నాను. ఇన్నాళ్లు ఇక్కడి నుంచి అక్కడికి పార్సిళ్లు వెళ్లాయి, ఇప్పుడు అక్కడి నుంచి ఒకటి రావాలి. నువ్వు ఒంటి మీద వేసుకున్నది, చెమట పట్టినది, ఏదైనా ఒకటి పంపు. చున్నీ పోతే పోయింది, చున్నీ వేసుకున్న మనిషి ఉంది కదా.

మీ అత్తమ్మ

•

కేరాఫ్ 56 ఏపీఓ
దసరా వారం

అత్తమ్మా,

నీ చెయ్యి గురించి చదివి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఇంకెప్పుడూ నా దగ్గర దాచకు.

నిజం చెబుతాను. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. కస్తూరిని సంతలో తాడు పట్టుకుని ఎవరో లాక్కుపోతున్నట్టు కళ్ల ముందు ఆడింది. కొలువు వదిలేసి వచ్చేద్దామా అని ఆలోచించాను. ఆలోచించానని చెప్పడానికి సిగ్గుపడను. కానీ ఈ రోజు బర్రెను అడ్డం పెట్టి నన్ను లాగితే, రేపు ఇంకొకటి అడ్డం పెడతారు. అలా లాగితే వచ్చేదాన్నే అయితే అసలు ఇంత దూరం వచ్చేదాన్నే కాదు. రాను.

నా స్వెటర్ పంపుతున్నాను. యూనిఫాం ముక్క ఒక్కటి కూడా బయటికి పంపకూడదు, అది రూలు. ఇది నా సొంతం, మనం నయాపూల్ దగ్గర బేరమాడి కొన్న గోధుమరంగు స్వెటర్. లోపల రోజూ ఇదే వేసుకుంటాను కాబట్టి నా వాసన తప్ప దానికి ఇంకేం లేదు. నేను ఈ రోజే నాలుగు రోజుల డ్యూటీ మీద కింది ఊళ్లకు వెళ్తున్నాను. మూట కట్టి పంపే పని జిన్సీకి అప్పజెప్పాను, ఎందుకో చెప్పే తీరిక మాత్రం దొరకలేదు.

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తాను. కొండ మీద ఇంకా ఎత్తున ఉన్న పైపోస్టుకు ఆడ జవాన్లు కావాలని అడిగితే పేరు ఇచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు, నేనే చెయ్యెత్తాను. దీపావళి దాటిన కొద్ది రోజులకు మంచు పడి ఆ దారి మూసుకుపోతుంది. మళ్లీ మంచు కరిగేదాకా ఉత్తరాలు రావు, పార్సిళ్లు రావు. కాబట్టి ఏం చేసినా ఈలోపే చేయాలి.

అమల

•

గౌలిపుర,
దసరా వెళ్లాక

అమలా,

ఏ మహాతల్లి ఉతికింది దాన్ని?

మూట విప్పగానే మల్లెపూల సబ్బు వాసన గుప్పుమంది. స్వెటర్ ఇస్త్రీ మడతలతో పెళ్లికూతురి పట్టుచీరలా ఉంది. లోపల ఇంగ్లీషులో ఒక చీటీ పెట్టారు. పక్కింటి విమలాదేవి కూతురితో చదివించాను. "అమ్మకు పంపుతున్నారు కదా, శుభ్రంగా ఉతికి పంపుతున్నాను, ప్రేమతో జిన్సీ" అని ఉందట. పాపం, ఆ పిల్ల మనసు మంచిదే. కానీ ఆ మంచి మనసును మడతపెట్టి నీళ్ల తొట్లో ముంచాలనిపించింది.

అయినా ఆశ చావక కప్పుకుని కస్తూరి దగ్గరికి పోయాను. ముట్టె దగ్గరగా పెట్టి వాసన చూసి, పెద్దగా తుమ్మి, మొహం అటు తిప్పుకుంది.

మీ బాపు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. లోపలికి వచ్చి నా భుజం మీది నుంచి స్వెటర్ తీసుకున్నాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. "సబ్బు" అన్నాడు, అంతే. తీసుకుపోయి నీలం చున్నీ వేలాడే మేకుకే తగిలించాడు.

అలాగని మారాడనుకోకు. సంత దళారికి కబురు పంపాడు, దీపావళి మరునాడు వస్తాడట. పైపోస్టు సంగతి చెబితే తింటున్న కంచం పక్కకు నెట్టి, "గా మంచుల ఆడపిల్ల ఏం చేస్తది?" అన్నాడు. "నీ కన్నా ఎక్కువే చేస్తది. నువ్వు బిడ్డ బట్టలమ్మి బకెట్ తెచ్చినవ్" అన్నాను. అప్పుడు ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు, భయం. రెండేళ్ల నుంచి మనం దాన్ని కోపం అనుకుంటున్నాం.

ఇంకొకటి పంపు. మెడకు చుట్టుకున్నదైతే మరీ మంచిది. ఎవరి చేతికీ ఇవ్వకు, నువ్వే కట్టు. సబ్బు కనిపించని చోట పెట్టి కట్టు. ఉతక్కుండా పంపు.

మీ అత్తమ్మ

•

కేరాఫ్ 56 ఏపీఓ
దీపావళికి ముందు

అత్తమ్మా,

జిన్సీకి సంగతి చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఇప్పుడు మన కస్తూరి పాలివ్వాలని మొక్కు మొక్కింది. తిట్టకు.

ఇది నా మఫ్లర్. చలి మొదలైన దగ్గర్నుంచి నా మెడ మీదే ఉంది. పరుగులో, డ్యూటీలో, నిద్రలో కూడా తీయలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి పోకుండా నేనే కట్టాను, పోస్టు బండి వచ్చేదాకా తల కింద పెట్టుకున్నాను.

బాపుకు ఒక మాట చెప్పు. భయం నాకూ ఉంది. రోజూ ఉంటుంది. దాన్ని పెట్టుకునే డ్యూటీకి వెళ్తాను.

అమల

•

గౌలిపుర,
సదర్ అయిన మరునాడు

అమలా,

మఫ్లర్ సరిగ్గా దీపావళి ముందు రోజు వచ్చింది. కవర్ విప్పగానే విమలాదేవి ముక్కు మూసుకుని వాళ్లింట్లోకి పోయింది. నాకు మాత్రం నువ్వు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టయింది.

నా చేతికి కట్టు విప్పారు గానీ పిడికిలి ఇంకా బిగియడం లేదు, పొదుగు పట్టలేను. అంజన్నను చూస్తేనే కస్తూరి కొమ్ములు దించుతుంది. సాయంత్రం పాల వేళకు మఫ్లర్ తీసుకుపోయి మీ బాపు ముందు పెట్టాను.

"ఇగ మిగిలింది నువ్వే. నీ బిడ్డది నువ్వే కట్టుకో. లేదా ఎల్లుండి దళారి చేతుల తాడు పెట్టు. రెండిట్ల ఏదో ఒకటి నీ చేతులతోనే చెయ్" అన్నాను.

మీ బాపు తలపాగా తీసి పక్కన పెట్టాడు. మఫ్లర్ తలకూ మెడకూ చుట్టుకున్నాడు. స్టీలు బకెట్ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కస్తూరి మెడ తిప్పింది. వాసన చూసింది. మఫ్లర్ కొస నోటితో పట్టుకుని నాకింది, నాకి నాకి తన ముట్టె మీ బాపు భుజం మీద ఆనించి కళ్లు మూసుకుంది. అమలా, పొదుగు నిండిపోయింది. బకెట్లో మొదటి ధార పడిన చప్పుడు కొట్టమంతా మోగింది. నేను గోడకు తిరిగి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే సోమశేఖర్ గారు, వాళ్లావిడ పండుగ మిఠాయి పట్టుకుని వచ్చారు. సదర్ మాటలు ఖాయం చేసుకోవడానికి. కొట్టం గుమ్మంలో ఆగి, "ఏంది బావా, గీ ఏషమేంది? గా వాసనేంది?" అన్నారాయన.

మీ బాపు తల తిప్పలేదు. తిప్పితే కస్తూరి బెదురుతుందని.

"నా బిడ్డ వాసన" అన్నాడు. "ఢిల్లీల లేదు ఆమె. ఆఫీసుల లేదు. మంచు కొండ మీద తుపాకి పట్టుకొని నిలవడ్డది. నేను అబద్ధం చెప్పిన."

సోమశేఖర్ గారు మిఠాయి డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "మరి మనం అనుకున్న మాట? పిల్ల ఎప్పుడొస్తది?" అన్నారు.

"ఆమె డ్యూటీ ఆమెది. సెలవు దొరికితే వస్తది, మళ్ల పోతది. ఆమె కొలువుతోని చేసుకునే ఇల్లయితే ఆగుండ్రి. కాదంటే నిమ్మళంగ కూసోని పాలు తాగి పోండ్రి, మంచిగ చిక్కగున్నయి."

వాళ్లు పాలు తాగకుండానే పోయారు. మిఠాయి కూడా పట్టుకుపోయారు. పోతే పోనీ, మనకు కోవా ఉంది.

దళారి వస్తే అంజన్నే గల్లీ మలుపులో ఆపి పంపేశాడు. నిన్న సదర్‌లో కస్తూరిని నూనెతో నిగనిగలాడించి, కొమ్ములకు నెమలీకలు కట్టి, తాడు మీ బాపే పట్టుకుని నడిచాడు. తల మీద నీ మఫ్లర్. "గింత ఉక్కపోతల మఫ్లరేంది బాలనర్సింహా?" అని అడిగిన ప్రతివాడినీ ఆపి, నువ్వెక్కడున్నావో, ఏం చేస్తున్నావో చెప్పాడు. డప్పుల చప్పుడులో వినబడకపోతే మళ్లీ గట్టిగా చెప్పాడు. రాత్రికి గొంతు పోయింది.

ఈ పొద్దు ఉత్తరం రాయడానికి కూర్చుని, "ఏం రాయాలె తమ్మీ?" అన్నాను. గరగర గొంతుతో అన్నాడు, "నీకు తోచింది రాయి. రమ్మని మాత్రం రాయకు."

ఇది కస్తూరి పాల కోవా. దారి మూసుకోకముందే అందాలని ఈ రోజే పోస్టు చేయిస్తున్నాను. అందరూ తినండి. జిన్సీకి పెద్ద ముక్క పెట్టు, నేను కోప్పడటం లేదని చెప్పు.

మీ అత్తమ్మ,
లలితమ్మ

•

కేరాఫ్ 56 ఏపీఓ
దారి మూసే ముందు

అత్తమ్మా,

నిన్న సాయంత్రం ఆఖరి బండి వచ్చింది. దాంట్లో డీజిల్ పీపాలు, ఉల్లిగడ్డలు, నా పార్సిల్. రేపు పొద్దున్నే మేం పైకి వెళ్తున్నాం. ఈ ఉత్తరం అదే బండిలో కిందికి దిగుతుంది.

అలవాటు ప్రకారం జిన్సీ కత్తెర తెచ్చింది. పార్సిల్ చేతిలోకి తీసుకుని చూసి, ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను.

ఇది నీ కుట్టు కాదు. అంజన్నదీ కాదు. దబ్బనంతో, పురికొసతో, ప్రతి రెండు కుట్లకూ ఒకసారి వెనక్కి మలిపి ముడి వేశారు. తవుడు బస్తాల కుట్టు ఇది. ఎలుక ఒకచోట కొరికినా మిగతా కుట్టు ఊడిపోకూడదని అలా వేస్తారు. మన కొట్టంలో అలా కుట్టే మనిషి ఒక్కడే. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని పురికొస అందించింది నేనే. నువ్వు అన్నీ రాశావు, ఇది మాత్రం రాయలేదు. నా అంతట నేనే కనిపెట్టాలని వదిలేశావని అర్థమైంది.

కత్తెర పెట్టనివ్వలేదు. ఒక్కొక్క ముడీ గోళ్లతో విప్పాను. చలికి వేళ్లు వంగకపోతే నోటితో ఊదుకుని మళ్లీ విప్పాను. గదిలో అందరూ మంచాల మీద కోవా కోసం కూర్చున్నారు గానీ ఒక్కరూ తొందరపెట్టలేదు. తర్వాత పొగ వాసన గదంతా నిండింది. అడుగు కొద్దిగా మాడింది. మనిల్లే.

పురికొస చుట్టి నా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. బాపుకు చెప్పు, ఒక్క పోగు కూడా తెంపలేదని. ఏ ఎలుకా కొరకలేదని కూడా చెప్పు.

మంచు కరిగేదాకా నా దగ్గర్నుంచి ఏమీ రాదు కాబట్టి, చలికాలానికి సరిపడా మూట ఒకటి ఈ బండిలోనే పంపుతున్నాను. ఉన్ని టోపీ, రెండు బనియన్లు, ఇంకో మఫ్లర్. బాపు అన్నీ ఒకేసారి కట్టుకోకూడదు, ఒకటి వాసన పోయాకే ఇంకొకటి విప్పాలి. సదర్‌లో తిరిగిన మఫ్లర్‌ను ఇక పండుగలకు తిప్పవద్దను, కస్తూరికి కావాలి.

మూట నేనే కట్టాను. బాపు కుట్టే కుట్టాను, ప్రతి రెండింటికీ ఒక ముడి. జిన్సీ సబ్బు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఆశగా చూసింది. దగ్గరికి రానివ్వలేదు. ఒక్కటీ ఉతకలేదు.

నీ
అమల